ఒక్క అభ్యంతరమూ రాలేదు

నీటి సరఫరా ఆఫీసు రెండో అంతస్తులో ఆవిడ్ని రెండుసార్లమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది తోటి ప్రోగ్రామర్లే. పదకొండేళ్ళుగా ప్రతి పేజీనీ ఆవిడ రెండుసార్లు రాస్తోంది మరి. ఒకసారి లోకానికి, ఇంకోసారి ఆఫీసు కంప్యూటర్లలో తిష్ఠ వేసిన ఆ ముసలి బ్రౌజర్‌కి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుండేది దాని వ్యవహారం. తయారుచేసినవాళ్ళే దాన్ని వదిలేసి ఏళ్ళయింది. వీళ్ళకి మాత్రం వదల్లేదు.

"దీనికి చాకిరీ చెయ్యడానికా నేను చదువుకుంది!" అని తిట్టని రోజు లేదు. తిట్టుకుంటూనే రెండోసారీ రాసేది. ఎందుకంటే కింది అంతస్తులో ఆవిడ అన్నయ్య ఉన్నాడు.

అన్నయ్యకి చిన్నప్పుడే చూపు పోయింది. ఇరవై రెండేళ్ళుగా ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుంటున్నాడు. ఒక చెవిలో ఫోను, ఇంకో చెవిలో తెర మీదున్నది చదివి వినిపించే గొంతు. "నీళ్ళు రావట్లేదయ్యా" అని అవతలివాళ్ళు అరవడం పూర్తయ్యేలోపు వాళ్ళ వీధి, పైపు నంబరు, కిందటిసారి ఎవరొచ్చి బాగుచేశారో అంతా అప్పజెప్పేవాడు. ఆ గొంతు పలికేది పాత బ్రౌజర్‌లోనే. మిగతావాళ్ళంతా ఎప్పుడో కొత్తదానికి మారిపోయారు, పాతదాన్ని నమ్ముకున్నది ఈయనొక్కడే. ఏదైనా తప్పు జరిగితే "తప్పు, మళ్ళీ చూడండి" అని గొంతు చెప్పేలా ప్రతి పేజీలోనూ ఏర్పాటు చేసింది చెల్లెలు. అందుకే గొంతు ఏమీ అనలేదంటే అంతా సవ్యంగా ఉందని అన్నయ్య లెక్క.

పాతదాన్ని పీకేద్దామా అని ఒకరోజు పెద్ద సారు మీటింగు పెట్టాడు.

"శవాన్ని భుజానేసుకుని పరుగుపందెం ఎలా సార్?" అన్నాడు కళ్ళజోడు ప్రోగ్రామర్.

"అది తాళం లేని తలుపు సార్. దొంగ ఎప్పుడైనా దూరతాడు," అంది భద్రత చూసే అమ్మాయి. నిజమే, కాదనడానికి లేదు.

రిటైర్మెంటుకి రెండేళ్ళున్న ముసలాయన ఒక్కడే గొణిగాడు: "పనిచేసేదాన్ని కదపడమెందుకు నాయనా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అందరూ పకపకా నవ్వారు. రెండుసార్లమ్మ కూడా నవ్వింది.

"వాడేవాళ్ళనీ అడుగుదాం," అన్నాడు పెద్ద సారు. "ఒక పేజీ పెట్టి వారం గడువివ్వండి. ఒక్క అభ్యంతరం వచ్చినా ఆపేద్దాం. ముందు దాని సంగతి తేల్చాకే మిగతాది." పేజీ చేసే పని రెండుసార్లమ్మ నెత్తిన పడింది.

ఆ సాయంత్రం బస్సు దిగి నడుస్తూ, "నీ సంగతి నేను చెప్తాలే అన్నయ్యా. కొత్తదానికి ఆ గొంతు కుదర్చాలంటే మూడు నెలల పని. అది చేశాకే పాతది తీయమంటాను," అంది.

అన్నయ్యకి రోషం పొడుచుకొచ్చింది. "చెల్లెలి సిఫార్సు మీద కూర్చున్నానటే ఇన్నేళ్ళూ? నా మాట నేనే రాసుకుంటాను. నువ్వు నోరెత్తకు."

దాచడమెందుకు, ఆవిడకి హాయనిపించింది. పదకొండేళ్ళు దుమ్మెత్తిపోసిన నోటితో, ఆ నవ్వినవాళ్ళ ముందు, ఇప్పుడు పాతదాన్ని ఉంచమని ప్రాధేయపడటం తప్పింది కదా! మర్నాడు అరగంటలో పేజీ చేసి పడేసింది. అంత తొందరగా ఏ పేజీ చెయ్యలేదు ఆవిడ.

వారం గడిచింది. ముప్ఫై ఒక్క జవాబులొచ్చాయి, అన్నీ తీసెయ్యమనే. అభ్యంతరాలు సున్నా.

మౌనం అర్ధాంగీకారమంటారు. ఇక్కడ పూర్ణాంగీకారమే అయిపోయింది. రెండుసార్లమ్మ కాసేపు తెల్లబోయింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది. అన్ని రోషం మాటలు చెప్పి, తీరా రాయకుండా ఊరుకున్నాడా? ఆయనకే లేంది నాకెందుకు? కిందికి పద్దెనిమిది మెట్లు. దిగి ఒక్క మాట అడిగితే పోయేది. దిగలేదు మహాతల్లి.

"అందరికీ సమ్మతమేనా? చేతులెత్తండి," అన్నాడు పెద్ద సారు. ముసలాయన చెయ్యి కాస్త ఆలస్యంగా లేచింది. ఆవిడది వెంటనే లేచింది.

సోమవారం పొద్దున్న అన్నయ్య చెవిలో గొంతు పలకలేదు. మీటలు నొక్కాడు, చెవిలోది తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ఫోను మోగింది. "ఒక్క నిమిషమండీ," అన్నాడు. పదకొండు ఫోన్లకి అదే మాట చెప్పాడు. మధ్యాహ్నానికి ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. ఈయనకి మెట్ల పక్కన ఒక స్టూలు వేసి, "ఏదో చూద్దాం లెండి," అన్నారు. ఏం చూస్తారు, తలకాయ! అభ్యంతరమే రానప్పుడు ఆ మూడు నెలల పని ఎవరి జాబితాలోనూ లేదు. పాతదాన్ని తిరిగి పెట్టే వీలు లేకుండా అన్ని కంప్యూటర్లలోంచీ తుడిచేశారు.

ఇంటికెళ్తూ అన్నయ్య ఆవిడ మోచెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. "నాలుగు పేరాలు రాశానే. ఒక్కడైనా చదివుంటే ఇలా చేసేవాళ్ళా?"

ఆవిడ నడక ఆగిపోయింది. "రాశావా? మరి పంపావా?"

"పంపక? బటన్ నొక్కాను, రాసిందంతా పోయి పెట్టె ఖాళీ అయింది. గొంతు తప్పని అనలేదు. నువ్వు చేసిన పేజీ కదే, తప్పయితే చెప్పదూ?"

మర్నాడు ఆవిడ సామాన్ల గదిలోకి వెళ్ళింది. పేజీలు పరీక్షించడానికని ఉంచుకున్న పాత కంప్యూటరు ఒకటి ఎవరి కంటా పడక అక్కడ మిగిలింది. తన పేజీ తెరిచి, "అన్నయ్య" అని రాసి బటన్ నొక్కింది. పెట్టె ఖాళీ అయింది. అంతే. ఎక్కడికీ ఏదీ చేరలేదు. పాతదానికి అర్థంకాని కొత్త ఆదేశమేదో వాడింది తనే. పోయేదానికి ఇంకా రెండోసారెందుకని రాయలేదు. తప్పయితే గొంతు చెప్పే ఏర్పాటూ పెట్టలేదు. పాతదాన్ని తీసెయ్యాలా అని అడిగే పేజీ, పాతదాంట్లోనే పనిచెయ్యలేదు! అడగాల్సిన ఒక్క మనిషినే అడగకుండా ముప్ఫై ఒక్కమందిని అడిగింది. అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది.

సాయంత్రం అన్నయ్య ఇంటికెళ్ళింది. దారంతా ఒకటే మాట కూడదీసుకుంది, తప్పు నాదే అన్నయ్యా, అని. వదిన గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది. "నిన్నట్నుంచి ముద్ద ముట్టలేదమ్మా. నా రాత ఒక్కరూ చదవలేదనే దిగులు. నువ్వైనా చదివానని చెప్పు తల్లీ."

లోపల మంచం మీదున్న అన్నయ్య, ఆవిడ అడుగుల చప్పుడు విని ఇటు తిరిగాడు. "ఏమే, నువ్వైనా చదివావా?"

ఆవిడ మంచం అంచున కూర్చుంది. "చదివాను అన్నయ్యా," అంది.

ఆయన మొహం విప్పారింది. "నాలుగో పేరా కూడానా? నీ గురించి రాశానే, అదీ?"

"అదీ చదివా. చాలా బాగా రాశావు."

అన్నయ్య కాసేపు తలూపాడు. "చేతులెత్తమంటే ఒక్క చెయ్యీ తగ్గలేదని ముసలాయన చెప్పాడు," అన్నాడు మెల్లగా. "అంటే, అది చదివి కూడా ఎత్తావన్నమాట."

వదిన ఆవిడకేసి చూసింది.

"లేదన్నయ్యా! చదవలేదు, ఒట్టు. అసలు నాదాకా రాలేదది. నా పేజీలోనే తప్పుంది!"

"ఊరుకోవే," అన్నాడు అన్నయ్య. "తప్పుంటే నీ పేజీ చెప్పేది."