మంచానికి కట్టిన సూట్‌కేసు

ఆ రోజుల్లో మా మల్కాజ్‌గిరి ఇంట్లో ఎవరైనా ప్రయాణం కట్టారంటే పెట్టె సర్దేది ప్రయాణం చేసేవాళ్ళు కాదు, ఇంట్లో ఉండిపోయేవాళ్ళు. ఇప్పుడలా కాదు. ఫోన్ తెరిస్తే చాలు, ఆఫీసు పని మీద ఊరెళ్ళేవాళ్ళు చొక్కాలు ఎలా చుట్టుకోవాలో, మేజోళ్ళు ఎక్కడ దోపుకోవాలో, హోటల్ గదిలో చార్జర్ మరిచిపోకుండా ఏం చేయాలో ఎవరో ఒక అమ్మాయి నవ్వుతూ చెప్పేస్తుంది. నేను అవన్నీ శ్రద్ధగా చూస్తాను. (మా ఆవిడ లెక్కలో నేను చేసే పనికిమాలిన పనుల్లో ఇది పైవరసలోనే ఉంది.) అన్నీ చెబుతారు గానీ, హోటల్లో సూట్‌కేసును గొలుసుతో మంచానికి కట్టకూడదని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు. ఇంత చిన్న సంగతి ఒకరు చెప్పాలా అనుకుంటారు కాబోలు. నా విషయంలో చెప్పాల్సిన అవసరం ఉండింది.

మాది శ్రీకాకుళం వైపు. నాన్న రైల్వేలో గార్డు ఉద్యోగం చేసి, బదిలీల మీద తిరిగి తిరిగి చివరికి సికింద్రాబాద్‌లో రిటైరై మల్కాజ్‌గిరిలో స్థిరపడ్డారు. జీవితమంతా రైల్లోనే గడిపిన మనిషి కావడంతో, లోకంలో మనుషులు రెండే రకాలని ఆయన గట్టి నమ్మకం. పెట్టెలు పోగొట్టుకునేవాళ్ళు, పెట్టెలు ఎత్తుకుపోయేవాళ్ళు. నేను మొదటి రకంలో పుట్టానని ఆయన నా చిన్నప్పుడే తేల్చేశారు. నాకప్పుడు సికింద్రాబాద్‌లో ఎలక్ట్రానిక్ కాటాలు అమ్మే ఒక చిన్న కంపెనీలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. కొత్తగా అంటే ఇంకా ఖాయం కాలేదు. కాటా విప్పమంటే విప్పేవాణ్ణి, బిగించమంటే బిగించేవాణ్ణి, కానీ కొత్తవాళ్ళ ముందు నోరు తెరవమంటే మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోయేది.

నా ఉద్యోగం మా సేల్స్ సారు చేతిలో ఉండేది. ఆయన బోయిగూడ మనిషి. భారీ విగ్రహం, బొజ్జ, మెహందీ పెట్టిన గడ్డం. ఎంత దూరం వెళ్ళినా భుజానికి ఒకే ఒక్క గుడ్డసంచి తగిలించుకుని వెళ్ళేవారు కాబట్టి ఆఫీసులో ఆయన వెనకాల అందరం 'చిన్నసంచి సార్' అనుకునేవాళ్ళం. అందులో పాత పేపర్లో చుట్టిన ఒక జత బట్టలు, లుంగీ, నమాజు చేసుకునే జానమాజ్, గడ్డం సర్దుకునే కత్తెర, వేలెడంత అత్తరు సీసా ఉండేవి. అంతే. "ఒంటి మీద ఒక జత, సంచిల ఒక జత. మూడో జత పట్టుకపోయెటోడు ప్రయాణం జెయ్యడు బేటా, కాపురం మారుస్తడు" అనేవారు. ఒకరోజు నన్ను పిలిచి, "గుంటూరుల మిర్చి కోల్డ్ స్టోరేజీ ఓనర్‌కు కాటా సూపియ్యాలె. నాతోని వస్తున్నవ్. నువ్వే మాట్లాడాలె, నేను జెర పక్కకు నిలబడి సూస్త. నోరు తెరిస్తె ఉద్యోగం పక్కా. లేకుంటే తక్లీఫ్ ఐతది, ఇప్పట్నుంచే జెప్తున్న" అన్నారు. తక్లీఫ్ ఎవరికో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పటికే నాన్న మా బంధువులందరికీ మావాడికి పర్మనెంటైపోయిందని ఫోన్లు చేసేసి ఉన్నారు.

ఇంట్లో విషయం చెప్పగానే అటక మీద నుంచి నాన్నగారి సూట్‌కేసు దిగింది. అమ్మ అందులో ముందుగా ఇత్తడి చెంబు పెట్టింది. "హోటల్లో అన్నీ ఉంటాయమ్మా" అన్నాను. "ఉంటాదో ఉండదో నువ్వెళ్ళి సూసొచ్చావేటి? పరాయి చెంబుతో నీళ్ళెలా పోసుకుంటావు?" అంది. చెంబు తర్వాత బట్టలారేసుకునే తాడు, దుప్పటి, దోమలకు అగరొత్తులు, అజీర్తికి వాము, జలుబుకి విక్స్, ఏ జబ్బూ రాకపోతే తినడానికి జంతికలు. వీటన్నిటి పైన, మడత నలగకుండా, నేను గుంటూరులో వేసుకోవాల్సిన కొత్త చొక్కా, ప్యాంటు. చివర్లో నాన్న వచ్చారు, రైళ్ళలో పెట్టెను బెర్తుకి కట్టే ఇనప గొలుసు, పిడికెడంత తాళంకప్పతో. "ఒరే, పెట్టె చుట్టూ రెండు చుట్లు తిప్పి మరీ తాళం ఎయ్యి. మూత కూడా లేవకూడదు. రైల్లో బెర్తుకి, హోటల్లో మంచం కోడుకి. కొత్తూరు, నమ్మడానికి లేదు" అన్నారు. అమ్మ ఆ తాళం చెవిని ఒక పెద్ద పిన్నీసుకు గుచ్చి నా బనీను లోపలివైపు తగిలించింది. "ఇది బనీను దిగకూడదు. నువ్వెక్కడుంటే తాళం అక్కడే ఉంటాది" అంది. ఆ ఏర్పాటులో లోపం ఎక్కడుందో ఆ రోజు మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

మర్నాడు పొద్దున సికింద్రాబాద్ స్టేషన్లో మా సారు నన్నూ, నా సూట్‌కేసునూ, దాన్ని చెరోవైపు పట్టుకుని వచ్చిన మా అమ్మానాన్నలనూ ఎగాదిగా చూశారు. "ఏందయ్యా గిది? గుంటూరుల ఇల్లు గిట కొన్నవా?" అన్నారు. నాన్న గర్వంగా నవ్వి బోగీలోకి ఎక్కి స్వయంగా గొలుసు కట్టి దిగారు. రైలు కదిలాక అమ్మ ఇచ్చిన క్యారేజీ తీశాం. పులిహోర, దాంతోపాటు ఒక సీసాలో ఆవకాయ. (గుంటూరుకి కారం పట్టుకెళ్ళిన ఘనత మా ఇంటికే దక్కాలి.) సీసా మూత బిగుసుకుపోయింది. నేను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి బలంగా తిప్పాను. మూత వచ్చింది, రైలు కుదుపూ అప్పుడే వచ్చింది, నూనె ఎగిరి ఎదురుగా కూర్చున్న మా సారు తెల్లచొక్కా మీద గుండెల నుంచి బొజ్జ దాకా పడింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆయన ఒకసారి చొక్కా వైపు చూసుకున్నారు. వేలితో కాస్త తీసి నాలుక మీద రాసుకున్నారు. "కపడా పోతే పోయింది గని, ఆవకాయ అవ్వల్ ఉన్నది. ఇంకో ముక్కెయ్యి" అన్నారు. నేను రెండు ముక్కలు వేశాను.

హోటల్లో మా ఇద్దరికీ కలిపి రెండు మంచాల గది. సారు లోపలికి వస్తూనే కుళాయి తిప్పి చూశారు, తలుపు గడియ పడుతుందో లేదో చూశారు, చొక్కా విప్పి సబ్బుతో రుద్ది కిటికీకి ఆరేశారు. మరక పోలేదు సరికదా పసుపుపచ్చగా ఇంకా వెడల్పయింది. నేను మాత్రం నాన్న చెప్పినట్టు నడిచాను. లుంగీ, ఇంకో బనీను, చెంబు బయటికి తీసుకుని, పెట్టె చుట్టూ గొలుసు తిప్పి, మంచం కోడుకు కట్టి, తాళం వేసి, చెవిని ఒంటి మీది బనీనుకే మళ్ళీ పిన్నీసు పెట్టేశాను. "మంచం ఎత్కపోతె ఏం జేస్తవ్ మరి?" అన్నారు సారు. నాకు నవ్వు రాలేదు, ఆ సంగతి నాన్నని అడగలేదే అని దిగులేసింది. స్నానం చేసి వచ్చాక అల్మారా తెరిస్తే అందులో హోటలు పేరు కుట్టిన ఒక గుడ్డసంచి వేలాడుతోంది. మాసిన బట్టలు ఇందులో వేస్తే ఉతికి ఇస్తారట! అలాంటి వైభోగం నాకు అదే మొదలు. చొక్కా, ప్యాంటు, బనీను అన్నీ అందులో కూరి, రూమ్ సర్వీసు మనిషిని పిలిచి దర్జాగా అప్పగించాను. సారు నమాజులో ఉన్నారు కాబట్టి నన్ను ఆపేవాళ్ళు లేకపోయారు.

ఆ సాయంత్రం భోజనం గదికే తెప్పించుకున్నాం కాబట్టి మర్నాడు పొద్దున దాకా నాకు తాళం చెవితో పని పడలేదు. తలదువ్వుకుని, పౌడరు రాసుకుని, చొక్కా తీద్దామని పెట్టె దగ్గర కూర్చుని బనీను లోపల చెయ్యి పెట్టాను. ఎడమవైపు లేదు. కుడివైపు లేదు. బనీను విప్పి తిరగేసి దులిపాను. అప్పుడు గుర్తొచ్చింది.

"సార్, తాళం చెవి చాకలికి ఇచ్చేశాను" అన్నాను.

"చాకలికి చెవి ఎందుకిచ్చినవ్?"

"బనీనుతో పాటు వెళ్ళిపోయింది సార్."

ఆయన కాసేపు నా వైపు, కాసేపు పెట్టె వైపు చూసి మేనేజరును పిలిపించారు. మేనేజరు వచ్చి, "చాకలాయన రాత్రే పట్టుకెళ్ళాడండీ, సాయంత్రానికి గానీ రాడు" అన్నాడు. తాళం పగలగొడదామంటే వాచ్‌మన్ రాయి తెచ్చి కొట్టాడు, రాయి పెచ్చు లేచింది. గొలుసు కోద్దామంటే రంపం లేదు. మంచం కోడు ఊడదీస్తానంటే మేనేజరు, "మంచం జోలికి మాత్రం వెళ్ళొద్దండీ, మా ఓనరు గారు ఊరుకోరు" అని మంచానికి అడ్డంగా నిలబడ్డాడు. మా నాన్న తాళాల ఎంపిక మీద నాకు గౌరవం పెరిగిందో తరిగిందో ఇప్పటికీ చెప్పలేను. బట్టల కొట్లు తెరవడానికి చాలా టైముంది, కోల్డ్ స్టోరేజీ ఓనరు మాత్రం పొద్దున్నే రమ్మన్నాడు. లుంగీ కట్టుకుని మంచం మీద కూర్చుని ఏడుపు దిగమింగుకున్నాను. ఉద్యోగం పోయిందని నాకు ఖాయమైపోయింది. నాన్న బంధువులందరికీ మళ్ళీ ఫోన్లు చేయాలి కదా అనిపించింది.

"పరేషాన్ గాకు. ఇగో, ఇది వేస్కో" అన్నారు సారు. చూస్తే ఆయన సంచిలో పేపరు చుట్టి ఉన్న జత. ఇస్త్రీ నలగని నీలం చొక్కా, నల్ల ప్యాంటు. "మరి మీకో సార్?" అన్నాను. ఆయన అప్పటికే కిటికీ దగ్గరికి వెళ్ళి ఆవకాయ చొక్కా తీసి తొడుక్కుంటున్నారు. ఆయన చొక్కాలో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. ప్యాంటు నడుము చుట్టూ బెల్టు లాగి బిగిస్తే కుచ్చిళ్ళు పరికిణీకి పడ్డట్టు పడ్డాయి. చేతులు మడిచి, అంచులు మడిచి, ఆయన అత్తరు కూడా కాస్త రాసి నన్ను ఆటో ఎక్కించారు. కంపెనీ ముందే పార్సిల్లో పంపిన కాటాను దారిలో స్టేషన్ నుంచి తీసుకున్నాం.

కోల్డ్ స్టోరేజీ గుమ్మంలోనే, మమ్మల్ని అంతకుముందు ఎప్పుడూ చూడని ఓనరు ఎదురొచ్చాడు. నీలం చొక్కాలో ఉన్న నన్ను చూశాడు, నా వెనకాల మరకల చొక్కాతో కాటా మోసుకొస్తున్న మా సారును చూశాడు. నాకు నమస్కారం పెట్టి, "రండి సారూ, కూర్చోండి. ఏవయ్యా పెద్దాయనా, ఆ కాటా అట్టా గోడ వారగా దించు" అన్నాడు. నేను ఉలిక్కిపడి అసలు సంగతి చెప్పబోయాను. మా సారు నా వైపు ఒక్క చూపు చూసి, "ఇక్కడ దించాల్నా సార్?" అని నన్నే అడిగారు. అప్పటిదాకా నా ధైర్యమంతా ఏమిటంటే, నేను తడబడితే ఆయన అందుకుంటారని. ఇప్పుడాయన చేతి రుమాలుతో కాటా తుడుస్తూ కూర్చున్నారు, తల ఎత్తితే ఒట్టు.

వేరే దారి లేక మాట్లాడటం మొదలుపెట్టాను. మొదట గొంతు పిల్లిపిల్లలా పలికింది. మిర్చి బస్తా పెట్టించి తూస్తే ఓనరు మొహం మాడ్చుకుని, "మా పాత కాటాకీ దీనికీ తేడా వస్తందే?" అన్నాడు. అది మాత్రం నాకు తెలిసిన సంగతి. గచ్చు ఒకవైపు వాలి ఉంది. కాటా కాళ్ళ కింది మరలు తిప్పి సరిచేయాలి. వంగాను. వంగగానే ప్యాంటు జారడం మొదలెట్టింది. ఎడమచేత్తో నడుము పట్టుకుని, కుడిచేత్తో మరలు తిప్పుతూ, కాటా ఎందుకు తేడా చూపిస్తుందో, గచ్చు ఎక్కడ పల్లంగా ఉందో, మిర్చి తడిగా ఉంటే ఏమవుతుందో అన్నీ చెప్పుకుంటూ పోయాను. ప్యాంటు మీద భయంలో మనుషుల భయం ఎటు పోయిందో తెలియలేదు. చివరిదాకా ఆ చెయ్యి నడుము మీంచి తీయలేదు. అదంతా ఆఫీసరు దర్జా అనుకున్నట్టున్నాడు ఓనరు, కాటాలు తీసుకుంటానని అక్కడికక్కడే మాటిచ్చాడు. "మీ సారు కుర్రోడైనా మాటకారేనయ్యా" అన్నాడు మా సారుతో. "గట్లనే ఉంటడు సార్ మా సార్" అన్నారు ఆయన.

తర్వాత నాకు కుర్చీలో కాఫీ ఇచ్చారు, పింగాణీ కప్పులో. మా సారును గుమ్మం దగ్గర నిలబెట్టి గాజుగ్లాసులో టీ పోశారు. ఆయన వయసు మా నాన్న వయసు. ఆయన చొక్కా నేను వేసుకుని, నేను పాడుచేసిన చొక్కా ఆయన వేసుకుని, ఆ ఎండలో నిలబడి టీ ఊదుకుంటూ తాగుతుంటే నేను కాఫీ కప్పు సగంలోనే దించేశాను. ఆటోలో కూర్చున్నాక అడిగాను, "నన్నెందుకు చెప్పనివ్వలేదు సార్?" అని. "నేనే సార్ అని జెప్తే నువ్వు నోరు తెరుస్తుంటివా? నా మొకం దిక్కే జూస్తుంటివి" అన్నారు. కాసేపటికి నా వైపు తిరిగి, "అంగీ పెద్దగైంది గని, మాట సరిగ్గ సరిపోయింది" అని నవ్వారు. నేను తల తిప్పుకుని రోడ్డు వైపు చూశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆటోలో దుమ్ము అని చెప్పాను.

సాయంత్రం బట్టలు వచ్చాయి. నా బనీను గంజిపెట్టి ఇస్త్రీ చేసి ఉంది, లోపలివైపు పిన్నీసుకి తాళం చెవి అలాగే వేలాడుతోంది. ఆ మహానుభావుడు దాన్ని తీయకుండా చుట్టూ ఇస్త్రీ చేశాడు. ఇంటికెళ్ళాక నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "గొలుసు పనిచేసిందేట్రా?" అని. "బాగా పనిచేసింది నాన్నా, ఎవరి వల్లా కాలేదు" అన్నాను. ఆయన చాలా సంతోషించారు. ఆ నెలలోనే నా ఉద్యోగం ఖాయమైంది. నీలం చొక్కా ఉతికించి, ఇస్త్రీ చేయించి, పాత పేపర్లోనే చుట్టి ఆయనకి తిరిగిచ్చాను.

ఇప్పుడు నేనూ చక్రాల పెట్టె లాగుతూ ఊళ్ళు తిరిగే సారునే. నాతో వచ్చే కుర్రాళ్ళు వీపుకి ఒక సంచి తగిలించుకుని, చెవుల్లో ఏవో పెట్టుకుని, నలగని బట్టల్లో దిగుతారు. నేను మాత్రం నా బట్టలతో పాటు ఒక సన్నపాటి చొక్కా, సన్నపాటి ప్యాంటు పేపర్లో చుట్టి పెట్టుకుంటాను. "మీ బొజ్జకి ఇవి ఎక్కేదెప్పుడు?" అని మా ఆవిడ ప్రతిసారీ అడుగుతుంది. నాకు కాదులే అంటాను. ఇన్నాళ్ళలో ఏ కుర్రాడూ తాళం చెవి పోగొట్టుకోలేదు, ఒంటి మీద ఏదీ ఒలకబోసుకోలేదు, చాకలికి ఇవ్వకూడనిది ఇవ్వలేదు. ఆ జత ప్రతి ఊరూ వచ్చి, మడత నలగకుండా నాతోనే ఇంటికి తిరిగొస్తుంది. దాన్ని మళ్ళీ బీరువాలో పెట్టేటప్పుడు, ఈసారీ ఎవడికీ అవసరం పడలేదే అని, నాలో నేను కాస్త నిరుత్సాహపడుతుంటాను.