లివర్‌పూల్‌లో తల ఎత్తిన నారికురుపు

నారాయణఖేడ్ మెట్ల బావి నీళ్లు తాగి పెరిగినవాడికి నారికురుపు సంగతి వేరే చెప్పాలా? ఎండాకాలం వచ్చిందంటే కాలి మీద బొబ్బ లేస్తుంది, నిప్పు పెట్టినట్టు మండుతుంది, అది పగిలి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. లాగితే తెగుతుంది, తెగితే కాలు చెడుతుంది. దాన్ని తెగకుండా తీయగలిగింది ఊళ్లో కాశమ్మ ఒక్కతే. జొన్నపుల్లకు చుట్టి, రోజుకు వేలెడు చొప్పున, నెల పట్టినా ఓపిగ్గా తీసేది. తొందరపెట్టినవాడు ఎంతటివాడైనా సరే, లేచి పొమ్మనేది.

మాణిక్యప్ప చిన్నతనంలో రెండుసార్లు ఆమె చేతికింద కూర్చున్నవాడే. అలాంటి రైతుబిడ్డ హైదరాబాదులో సైన్సు చదివి, నిజాం సర్కారు ఇచ్చే చదువుల భత్యం, వజీఫా సంపాదించి, 1936లో రోగక్రిముల చదువుకు లివర్‌పూల్ బయల్దేరాడు. ఊళ్లో ఒకరు గడియారం తెమ్మన్నారు, ఒకరు ఉన్ని కోటు తెమ్మన్నారు. కాశమ్మ కోరిక వేరే.

"బిడ్డా, నారిని తీసుడు నాకెరుక. అది కాల్లకు ఎట్లొస్తదో ఎరుక లేదు. గదొక్కటి తెల్సుకొని రా."

లివర్‌పూల్ చేరాక మాణిక్యప్ప సంబరం చూడాలి! హైదరాబాదులో ఎనిమిది మందికి ఒక సూక్ష్మదర్శిని. ఇక్కడ మనిషికొకటి. ప్రయోగశాల తలుపు తీయకముందే వెళ్లి మెట్ల మీద కూర్చునేవాడు. ఉప్పూకారం లేని ఉడికిన ఆలుగడ్డలు కూడా ఆ సంతోషంలో గొంతు దిగిపోయేవి. ఆదివారం సెలవు ఎందుకు పెట్టారో అతనికి అర్థమయ్యేది కాదు.

మరుసటి ఏడు మే నెలలో ఎడమ చీలమండ దగ్గర దురద మొదలైంది. రెండు రోజులకు బొబ్బ లేచింది. చూడగానే గుర్తుపట్టాడు, పాత చుట్టమే. సముద్రాలు దాటినా వదల్లేదు. కానీ రోగమని తెలిస్తే ఓడ ఎక్కించి వెనక్కి పంపేస్తారేమో! నారి పురుగు పాఠం ఇంకా వారం ఉంది. అది వినకుండా పోతే కాశమ్మకు ఏం మొహం చూపిస్తాడు? రెండు మేజోళ్లు తొడిగి, మెట్ల మీద జారానని అందరికీ చెప్పి, పురుగును అగ్గిపుల్లకు చుట్టుకుంటూ వారం గడిపాడు.

పాఠం రోజు ముసలి ప్రొఫెసర్ సీసాలో చచ్చిన పురుగును చూపించాడు. బతికున్నదాన్ని ఈ చలిదేశంలో ఒక్క విద్యార్థికీ చూపించలేకపోయానని నొచ్చుకున్నాడు. మాణిక్యప్ప చెవులు వేడెక్కాయి. చెబితే ఓడ. చెప్పకపోతే, వెతుక్కుంటూ వచ్చిన జవాబు మేజోడులోనే ఉండిపోతుంది. ఇక ఆగలేక లేచి, ముందుకు వెళ్లి, స్టూలు మీద కూర్చుని మేజోళ్లు విప్పేశాడు.

గది గదంతా మీద పడింది. ప్రొఫెసర్ ఆత్రంగా పట్టకారు అందుకున్నాడు. మాణిక్యప్ప ఆయన చేయి పట్టుకుని ఆపాడు. రోజుకు వేలెడేనని, తొందరపడేవాళ్లు లేచి పోవాలని, అది కాశమ్మ పెట్టిన కట్టడి అని చెప్పాడు. అంతటి పెద్దమనిషీ బుద్ధిగా పట్టకారు కింద పెట్టాడు. ఓడ మాట ఎవరూ ఎత్తలేదు.

ప్రొఫెసర్ పుండు మీద చల్లటి నీళ్లు చిలకరించమన్నాడు. పురుగు తల నుంచి పాలలాంటి చుక్క ఊరింది. దాన్ని గాజుపలక మీద పెట్టి చూస్తే వందల పిల్లపురుగులు, తోకలు ఆడిస్తూ! మాణిక్యప్ప గంతేయబోయాడు, కాలు ఒప్పుకోలేదు. ఇవి నీళ్లలో పడతాయని, కంటికి ఆనని నీటిపురుగులు వీటిని మింగుతాయని, ఆ నీళ్లు తాగినవాడి కాలిలో ఏడాదికి నారి తేలుతుందని ప్రొఫెసర్ చెప్పుకుపోయాడు.

మాణిక్యప్ప సంతోషం ఒక్కసారిగా ఆరిపోయింది. మంట తగ్గుతుందని, నారి తొందరగా తల బయటపెడుతుందని, వచ్చినవాళ్లందరినీ కాశమ్మ మొదట బావి ఆఖరి మెట్టు మీద కూర్చోబెట్టి కాళ్లు నీళ్లలో పెట్టించేది. తనూ అలా కూర్చున్నాడు. ఊరు తాగే నీళ్లూ అవే.

కాశమ్మకు ఉత్తరం రాయబోయి మూడు కాగితాలు చింపాడు. ఎంత మెత్తగా రాసినా అబద్ధంలాగే అనిపించింది. నాలుగోదాంట్లో ఉన్నదున్నట్టు రాసేశాడు: పుండు ఉన్నవాళ్లను బావిలో దిగనివ్వొద్దు, తాగే నీళ్లు దళసరి గుడ్డలో వడగట్టాలి.

నెలన్నరకు జవాబొచ్చింది. కాశమ్మ చెబుతుంటే బడి పంతులు సంగయ్య రాసిన ఉత్తరం.

"బిడ్డా, నీ కాయితం ఇన్న దినం నాకు బువ్వ దిగలే. నలభై ఏండ్లు అందర్ని బావిల దింపింది నేనే. గందుకే తెల్లారి పోయి పై మెట్టు మీద కూసున్న. ఇగ కుంటుకుంట వచ్చినోన్ని ఎవ్వన్నీ దిగనిస్తలేను. తిడుతున్రు, తిట్టనీ. నువ్వు మాత్రం ఒక్కటి రాయలే. నీ నారి తెగకుంట వచ్చిందా?"

మాణిక్యప్ప కళ్లు తుడుచుకుని, అప్పటికప్పుడే కాగితం తీసి జవాబు మొదలుపెట్టాడు. తెగకుండా వచ్చింది అవ్వా, రెండు మూరలు.