ఎడమ దిక్కు ఓడ

ఆ మధ్యాహ్నం నరేశ్ చేసిన చివరి మామూలు పని అన్నం తినడం. పశువుల కొట్టం ముందున్న షాబాద్ బండ మీద కూర్చుని, ఫోను ఒళ్లో పెట్టుకుని, చింతకాయ తొక్కు కలుపుకుని తిన్నాడు. కొత్తగూడ అడవి అంచున ఉన్న ఆ తండాలో సిగ్నలు నిలకడగా అందేది ఆ బండ మీదే. రెండింటికి ఆట మొదలవుతుంది. ఎక్కడో కొడకండ్లలో, జిరాక్స్ దుకాణం షట్టర్ సగం దించి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చెల్లెలు గీత అతని కోసం కాచుకుని ఉంది.

గీతకు ఫోనులోంచి తల్లి చాందీ గొంతు వినిపించింది. "ఇంకింత తిను కొడకా." తర్వాత స్టీలు పళ్లెం బండ మీద గర్రుమని రాసుకున్న చప్పుడు. రోజూ వినేదే. కొంచెం సేపటికి నరేశ్ గొంతు. "అయింది యాడీ, తీసెయ్." చెయ్యి కడుక్కున్నాడు. "గీతా, రెడీనా?"

"ఎప్పుడో రెడీ. నువ్వు తిన్నదాకా దునియా ఆగింది భియా."

ఆట మొదలైంది. అతని ఓడ బయలుదేరి, ఏ పక్కకూ తిరగకుండా ముందుకే పోతోంది. శత్రువులు చుట్టుముట్టినా అలాగే పోతోంది. "తిప్పు భియా! తిప్పమంటే!" అని గీత కసిరింది. ఆ తర్వాత వినిపించింది చాందీ అరుపు.

నరేశ్‌కు అప్పుడు ముప్పై ఒకటి. మానుకోట హాస్టల్లో ఉండి ఇంటర్ దాకా చదివాడు. తండ్రి రాంచందర్ పోయాక చదువు ఆపి ట్రాక్టరెక్కాడు. అతను దున్నితే సాళ్లు తాడు పట్టి కొట్టినట్టు వస్తాయని పక్క ఊళ్ల రైతులు కబురు పెట్టి పిలిపించుకునేవాళ్లు. మాట తక్కువ మనిషి. పెళ్లి సంబంధం తెస్తే ట్రాక్టర్ కింద దూరి ఏదో బోల్టు బిగించేవాడు.

ఆ ఆటకు ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరుండేది. వీళ్లు ఓడలాట అనేవాళ్లు. నల్లటి ఆకాశం, చుక్కలు, ముగ్గురికి మూడు ఓడలు, ఎదురుగా మరో మూడు. లాక్‌డౌన్‌లో గీత అత్తగారింట్లో చిక్కుకుపోయినప్పుడు మొదలుపెట్టారు. రోజూ పుట్టింటికి ఫోను చేస్తే అత్త ఊరుకునేది కాదు. "ఏం ముచ్చట్లే అన్ని? ఇక్కడివన్నీ అక్కడ మోస్తున్నవా?" అనేది. ఆట ఆడితే మాత్రం ఏమీ అనేది కాదు. పిల్ల ఫోన్ల ఏదో చేసుకుంటోంది అనుకునేది. ఆ తర్వాత గీత జిరాక్స్ దుకాణంలో పనికి కుదిరింది. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఖాళీ. ఆ గంట ఆమెకు అన్న ఉన్న గంట. పండుగకు పోతే కూడా అతను నాలుగు మాటలకు మించి మాట్లాడేవాడు కాదు. ఓడలో కూర్చుంటే మాత్రం మాట్లాడేవాడు.

గురి పెట్టడం అతనే నేర్పాడు. గీత మొదట్లో ఓడ కనబడిన చోటే కొట్టేది. గుండు పోయేసరికి ఓడ అక్కడ ఉండేది కాదు.

"బాపు మంచె మీద వడిసెల తిప్పింది యాదికున్నదా?" అని అడిగాడు నరేశ్. "పిట్టను చూసి కొట్టెటోడా?"

"పిట్టను చూసే కొట్టెటోడు."

"కాదు పిచ్చీ. పిట్ట ఉన్నకాడ కొడితే రాయి పొయ్యేసరికి గది ఉంటదా? పిట్ట ఎటు పోతదో గా ఖాళీ జాగను కొట్టెటోడు. నువ్వు గూడ ఖాళీనే చూడు. ఓడను చూడకు."

నెల తిరిగేసరికి గీతకు ఖాళీని చూడడం వచ్చింది. మూడో ఓడ దినేశ్‌ది. భూపాలపల్లి బొగ్గుగని క్యాంటీన్‌లో పని చేస్తాడు. ఆటలోనే పరిచయం. ముఖం ఎవరూ చూడలేదు, గొంతే. ముగ్గురూ కలిసి ఒక్కో మెట్టూ ఎక్కారు. ముగ్గురం ముగ్గురిని కొడితే ఒక్కడూ పడడు, ముగ్గురం ఒక్కడినే కొడదాం అని చెప్పింది నరేశే. ఎవరిని కొట్టాలో కూడా అతనే చెప్పేవాడు. ఎక్కువ దెబ్బతిన్నవాడిని కాదు, దెబ్బతిన్నవాడికి అడ్డం వచ్చేవాడిని.

ఉగాది దాటాక అతని ఆట చెడింది. ఎడమ నుంచి వచ్చిన ఓడ పక్కనే నిలబడి కొడుతున్నా నరేశ్ కదిలేవాడు కాదు. రెండు వారాల్లో రెండు మెట్లు దిగారు.

"ఏందన్నా, ఎడమదిక్కు నీకు లోకమే లేదా?" అన్నాడు దినేశ్ ఒకరోజు. "మా క్యాంటీన్ల పిల్లి గూడ నీకన్న జల్ది తిరుగుతది."

"దొంగతనంగ వస్తున్నరు రా," అన్నాడు నరేశ్.

"దొంగతనమేంది, డప్పు కొట్టుకుంట వచ్చిండు!"

నరేశ్ ఫోను పెట్టేశాక దినేశ్ ఆగి అన్నాడు. "అక్కా, ఏమనుకోకు. అన్న చేతుల ఇంక ఆట లేదు. మా రూమ్మేటు మిథున్ మంచిగ ఆడుతడు. అన్నను జర పక్కకు పెడదాం."

పక్కకు పెడితే ఆ గంట పోతుంది. ఆ గంట పోతే అన్న మళ్లీ పండుగనాటి నాలుగు మాటల మనిషి అవుతాడు. "పది రోజులియ్యి తమ్మీ," అంది గీత. "పది రోజుల్ల చక్కబెట్టకపోతే నీ ఇష్టం."

దుకాణంలో పాడైన కాగితాల వెనక బొమ్మలు వేసింది. నరేశ్ ఎక్కడెక్కడ కూలుతున్నాడో చుక్కలు పెట్టింది. చుక్కలన్నీ ఒకే పక్క పడ్డాయి. అది చూసి ఆమె ఎందుకు అని ప్రశ్నించుకోలేదు, ఎలా మూయాలి అని ఆలోచించింది. తన ఓడను ఎప్పుడూ అతని ఎడమ పక్కనే, రెక్కకు రెక్క తగిలేంత దగ్గరగా నడపసాగింది. తన కవచం సగం అరిగితే దినేశ్ వచ్చి ఆ జాగాలో నిలబడాలి, అది నిండాక మళ్లీ తను. నరేశ్ ఎడమ చూడనక్కర్లేదు. ముందూ కుడీ చూసి కొట్టడమే అతని పని.

అప్పటికీ చాలలేదు. ఒక ఆదివారం బస్సెక్కి తండాకు పోయింది. అతని ఫోను తీసుకుని, తెర మీద ఎడమ మూలన ఉండే, శత్రువు జాడ చూపే దిక్కుల చక్రాన్ని కుడి మూలకు జరిపింది. శత్రువుల ఎర్ర గుర్తులను పసుపుపచ్చ చేసింది. పక్కన కూర్చుని ఆడించింది. నరేశ్ వరసగా ఎనిమిది ఓడలు కూల్చాడు.

"అరే, సెట్టింగుల్లనే ఉన్నది లొల్లి," అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. "నేనేమో నాకే బుద్ధి మందగించింది అనుకున్న."

ఆ వెళ్లిన రోజే చూసింది, అతని ఎడమ భుజం మీద కమిలిన మచ్చ. "దర్వాజ తగిలింది," అన్నాడు. వేసవి దుక్కుల్లో ట్రాక్టర్ ఎడమ చక్రం కాలువలోకి దిగిపోయిందనీ, తాగి నడిపాడని బండి ఆసామి తాళంచెవి లాక్కున్నాడనీ తల్లి చెప్పింది. తాగినవా అని గీత అడిగింది. లేదన్నాడు. ఆమె నమ్మింది. అంతటితో వదిలేసింది. పని లేకపోతే మధ్యాహ్నం ఆటకు ఆలస్యం చేయడు కదా అనే ఆలోచన కూడా ఒక్క క్షణం వచ్చింది. ఆ క్షణాన్ని ఆమె తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు.

పది రోజుల గడువులో పోయిన రెండు మెట్లూ ఎక్కారు. జూలై చివరికి ఎప్పుడూ ఎక్కని మెట్టెక్కారు. "తప్పయిందన్నా, నీ కాళ్లు మొక్కుత," అన్నాడు దినేశ్. "మిథున్ గాడు నీ ఆట చూసి నోరు తెరిసిండు." అవతల నరేశ్ గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. గీత ఆ సాయంత్రం దుకాణంలో ఎవరిదో ఆధార్ కార్డు రెండుసార్లు జిరాక్స్ తీసి, ఒకటి చించేసి, తనలో తను నవ్వుకుంది.

మూడు వారాల తర్వాత ఆ మధ్యాహ్నం, నరేశ్ బండ మీదే తెలివి తప్పి పడిపోయాడు.

ముందు మానుకోటకు, అక్కడి నుంచి వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. తెలివొచ్చాక డాక్టరమ్మ అతని మంచం ముందు నిలబడి, ఎడమ నుంచి వేలు జరుపుతూ వచ్చింది. వేలు కనబడినప్పుడు చెప్పమంది. వేలు చెవి దాటింది, కన్ను దాటింది. ముక్కు దాటాక నరేశ్ "ఆ" అన్నాడు. డాక్టరమ్మ మళ్లీ చేసింది. మళ్లీ ముక్కు దాటాకే.

"ఎన్ని రోజుల సంది ఎడమ పక్క కనబడ్తలేదు?" అని అడిగింది.

"కనబడకపోవుడు ఏం లేదు మేడం," అన్నాడు నరేశ్. "అటు దిక్కు ఏం లేకుండె. అంతే."

మెదడులో కుడి పక్క గడ్డ. కళ్లు బాగానే ఉన్నాయి, చూసింది అందుకునే చోటు పోయింది. ఎడమ సగం చీకటిగా కూడా ఉండదు, అసలు ఉండదు. అందుకే చాలామందికి ఆ సంగతే తెలియదని డాక్టరమ్మ చెప్పింది. "పక్కనున్నోళ్లే పట్టుకోవాలె అమ్మా. వస్తువులు తగులుతుంటయి, అటుదిక్కు పిలిస్తే పలకరు. ఇంట్ల ఎవరూ చూడలేదా?"

గీత చూసింది. అందరికన్నా ముందు, అందరికన్నా బాగా. కాగితం మీద చుక్కలు పెట్టి మరీ చూసింది. "గడ్డ చిన్నగున్నప్పుడు అయితే తీసేటోళ్లు," అని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పి పక్క మంచానికి పోయింది.

పంతొమ్మిది రోజులు బతికాడు. గీత అతని కుడి పక్కనే కూర్చునేది, కనబడాలని. ఒకసారి, మాట ముద్దగా వస్తున్నప్పుడు, "ఎడమ దిక్కు నువ్వున్నవుగా," అన్నాడు. ఆట గురించో, మంచం గురించో తెలియదు. ఉన్నానంది.

నరేశ్ దినం నాడు దినేశ్ భూపాలపల్లి నుంచి వచ్చాడు. సన్నగా, గొంతుకు పొంతన లేకుండా ఉన్నాడు. "అక్కా, ఆనాడు అన్నను తీసేద్దామన్నది నేనే," అని ఏడ్చాడు. అతను క్షమించమని అడుగుతున్నాడు. తీసేసి ఉంటే, ఎడమవైపు ఎందుకు చూస్తలేడని ఎవరో ఒకరు ఆగి అడిగేవాళ్లేమో అని గీత అనుకుంది. ఆ తర్వాత ముగ్గురి ఆట ఇద్దరు ఆడలేదు.

అందరూ తిని లేచాక చాందీ స్టీలు పళ్లెంలో అన్నం, చింతకాయ తొక్కు పెట్టి కొట్టం ముందు బండ మీదికి తెచ్చింది. అక్కడ కొడుకు ఫొటో ఉంది. పళ్లెం దాని ముందు పెట్టి కాసేపు కూర్చుంది. అతను తినడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. తర్వాత చెయ్యి చాపి, పళ్లాన్ని సగం చుట్టు తిప్పింది. పళ్లెం బండ మీద గర్రుమంది.

గీత ఆ చప్పుడును గుర్తుపట్టింది.

"ఎందుకు తిప్పినవ్ యాడీ?"

"తిప్పకపోతే ఆ పక్కది ముట్టడు బిడ్డా," అంది చాందీ, పళ్లెం మీంచి చూపు తిప్పకుండా. "సగం తిని, అయింది తీసెయ్ అంటడు. తిప్పి పెడితే మొత్తం తింటడు. ఉగాది సంది గంతే."

"నాకు చెప్పలేదేంది?"

"గది గూడ ఒక ముచ్చటేనా చెప్పనీకె?"