నాలుగో పేరాలో కొట్టివేత

2021 జులై. నేను సూరత్ కోర్టులో ఒక వకీలు దగ్గర గుమాస్తాని. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. తెలుగువాళ్లు చెప్పింది విని గుజరాతీలో అఫిడవిట్, అంటే ప్రమాణపత్రం, తయారుచేయడం నా పని.

ఊళ్లోనే తెలుగు నేతకార్మికులుండే గోడాదరా నుంచి రేణుక వచ్చింది. మగ్గాల కార్ఖానాలో పనిచేసే భర్త ఆమెను కొట్టి, కూతురితో సహా గదిలోంచి గెంటేశాడు. గృహహింస కేసు తేలేలోపు కోర్టు ఇచ్చే రక్షణను ఇంటరిమ్ ఆర్డర్ అంటారు. దానికి అఫిడవిట్టే ఆధారం. టైపు చేసింది తెలుగులో చదివి వినిపిస్తుంటే, నాలుగో పేరా దగ్గర రేణుక ఆపింది.

“తాళమేసిండని రాసినవా సారూ? తాళం గాదు, లోపల్నుంచి గడియ పెట్టిండు. తాళమంటే ఇంట్ల ఎవ్వరు లేనట్టు గాదా? ఆయన లోపల్నే ఉన్నడు.”

మళ్లీ టైపు చేయించే వ్యవధి లేదు. ఆ మాట కొట్టేసి, పైన దిద్ది, పక్కన ఆమెతో సంతకం పెట్టించాను. శుభ్రమైన కాగితం పాడైందని మనసు చివుక్కుమంది.

తల్లీకూతుళ్లు గదిలో ఉండాలనీ, భర్త వేరేచోట ఉండాలనీ ఆర్డర్ వచ్చింది. నెల తిరగకముందే అతను సెషన్స్ కోర్టులో అప్పీలు వేశాడు.

“ఆమెకు గుజరాతీ రాదు. తెలుగులో చదివి వినిపించినట్టు ఇందులో ఎక్కడా లేదు. తెలియక చేసిన సంతకం మీద ఆర్డరేమిటి?” అన్నాడు అతని లాయరు.

నిజమే. చివర ఉండాల్సిన ఆ వాక్యం నేనే మరిచాను. ఆర్డర్ పోతే వాళ్లిద్దరూ మళ్లీ వీధిలో. చదివి వినిపించానని నా డైరీలో ఉంది. కానీ నా తప్పుకు నా డైరీ సాక్ష్యమంటే ఎవరు ఒప్పుకుంటారు?

జడ్జి కాగితాలు తిప్పి, నాలుగో పేరా పక్కన ఈ సంతకం దేనికని రేణుకనే అడిగారు. వేరే కేసుకొచ్చిన తెలుగు లాయరొకరు ఆ ప్రశ్న ఆమెకు చెప్పారు.

“గది గడియ ముచ్చట. సారు తాళమని రాస్తే నేనే దిద్దిపిచ్చిన.”

కాగితంలోనూ అదే ఉంది. వినిపించకపోతే ఈమె తప్పెలా పట్టుకుంటుందని జడ్జి అప్పీలు కొట్టేశారు. లోపించిన వాక్యంతో ఇంకో అఫిడవిట్ వేయమన్నారు.

మెట్లు దిగుతూ రేణుక నవ్వింది. “గా దినం తాళం మాట కొట్టేసేటప్పుడు నీ మొఖం జూడాలె సారూ. ఆముదం తాగినట్టు పెట్టినవ్.”

ఆ సాయంత్రమే ‘తెలుగులో చదివి వినిపించాను’ అనే ఆ మరిచిన వాక్యాన్ని అట్టముక్క మీద రాసి టైపు మిషను పక్కన అంటించాను. తర్వాతి రెండేళ్లలో ఏ కక్షిదారైనా తప్పు పట్టుకుంటే, వ్యవధి ఉన్నా శుభ్రప్రతి తీయించలేదు. కొట్టివేతను అలాగే ఉంచి, పక్కన సంతకం పెట్టించాను.