సాతానుకు అద్దెకిచ్చిన చేతులు

సాతానును మా తాత తిట్టినన్ని తిట్లు బైబిల్లోని ప్రవక్తలంతా కలిసి కూడా తిట్టలేదు. పందెం కాస్తాను. ప్రవక్తలు అవసరం పడినప్పుడు నోరు చేసుకున్నారు. మా తాత పళ్ళు తోముకోకముందే మొదలుపెడతాడు.

పాలు పొంగితే పొయ్యి ముందు నిలబడి, "తెలుసురా, ఇది నీ పనే!" అంటాడు. పక్కనే ఉన్న నానమ్మను మాత్రం పల్లెత్తు మాట అనడు.

"మరిచిపోయింది నేనండీ," అని నానమ్మ ఒప్పుకున్నా వినడు.

"నువ్వు కాదే. వాడు నీ చెవిలో ఏదో ఊది ఉంటాడు."

ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో మైకు మూగబోయింది. తాత లేచి, "ఒరేయ్, వైరు వదలరా!" అని పైకప్పు అదిరేలా కేక వేశాడు. స్విచ్చి తన మోచెయ్యి తగిలి ఆగిపోయిందని పాస్టరుగారికి తెలుసు. అయినా ఆయన మెల్లగా స్విచ్చి నొక్కి, "ఆమేన్" అన్నారు.

ఈ కిటుకు నాకు ఎనిమిదో ఏటే పట్టుబడింది. చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టి దొరికిపోయాను.

"నేను కాదు తాతా, సాతాను!"

"మరి చేతులు నీవేగా?"

"అద్దెకి తీసుకున్నాడు."

తాత గడ్డం గోక్కున్నాడు. "అద్దె ఇచ్చాడా?"

"లేదు."

"అయితే ఇంకోసారి వాడికి ఇవ్వకు. అద్దె ఎగ్గొట్టే రకం."

తాతది పుస్తకాల బైండింగు పని. ఇంటి ముందుగదే కొట్టు. ఏడో తరగతి నన్ను మూడేళ్ళు భరించి విసిగిపోయాక, నేనూ ఆ గదిలోనే చాప పరుచుకుని స్థిరపడ్డాను. ఫారాలు, అంటే అచ్చయి మడతపెట్టిన కాగితాల కట్టలు, వరస తప్పకుండా పేర్చి తాతకు అందించడం నా పని. నాకొచ్చిన బైబిలంతా అలా చేతుల్లోంచి బుర్రకెక్కిందే.

"ఇంత లావు పుస్తకం కదా తాతా, కథేంటి?"

"ఒకటే తగాదా. మంచికీ చెడుకీ. మొదట్లో తోటలో పాము, చివర్లో ఘటసర్పం. రెండూ ఒకటే శాల్తీ. మధ్యలో మేసి బలిసిందంతే."

"ఎవరు గెలుస్తారు?"

"చివరి ఫారం దాకా ఓపిక పట్టు."

తాత ఎదుట ఒక ముక్కాలిపీట ఎప్పుడూ ఖాళీగా ఉండేది. కూర్చోబోతే, "దాని కాలు విరిగింది," అనేవాడు. ఊపి చూశాను. మూడు కాళ్ళూ నిక్షేపంలా ఉన్నాయి. గోడకు ఎవరూ కట్టుకోని ఏప్రాన్ ఒకటి వేలాడేది. దాన్ని నెలకోసారి తాతే ఉతికి, ఆరేసి, మళ్ళీ అదే మేకుకు తగిలించేవాడు. తగిలించాక కాసేపు వీధి వైపు చూసేవాడు.

మొన్న పై అర దులుపుతుంటే ఒక పాత బైబిలు దొరికింది. తెరవగానే నవ్వాగలేదు. చివరి ఫారం మొదట కుట్టేశారు! సాతానును అగ్నిగుండంలో పడేశాకే ఆదికాండం మొదలవుతోంది.

"తాతా! ఇందులో వాడు పుట్టకముందే పోయాడు. ఇక మిగతా పుస్తకమంతా ఎవరితో తగాదా?"

తాత సూది ఆగిపోయింది. సాతానును ఒక్క మాట అనలేదు. లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

నానమ్మ చెప్పింది. ఆ పీట చిన్నతాతది, అంటే తాత తమ్ముడిది. ఇరవై ఏళ్ళ కిందట, కొత్త ప్రార్థన మందిరానికి కానుకగా ఈ బైబిలును ఆయనే కుట్టాడు. నిండు సభలో పాస్టరుగారు తెరిచి తెల్లబోయారు. అందరూ నవ్వారు. తాత అందరి ముందూ తమ్ముడివైపు వేలు చూపించి, "నువ్వే! ఇది చేసింది నువ్వే!" అన్నాడు. చిన్నతాత ఏప్రాన్ విప్పి, మేకుకు తగిలించి, ఊరు వదిలి వెళ్ళిపోయాడు.

"అంతకుముందు మీ తాత సాతాను పేరెత్తిన మనిషే కాదు," అంది నానమ్మ. "ఆ 'నువ్వే' అన్న మాట మళ్ళీ ఇంకొకళ్ళ మీద పడకూడదని, కనిపించని వాడి మీదికి తోసేస్తున్నాడు."

నానమ్మ దగ్గర చిరునామా ఉంది. ఆ బైబిలును పార్సెలు చేసి పంపేశాను. లోపల చీటీ పెట్టాను: "చిన్నతాతా, మీ పీట కాలు విరగలేదు."

పది రోజులకు పుస్తకం తిరిగొచ్చింది. అన్నీ వరసగా కుట్టి ఉన్నాయి, చివరి ఫారం తప్ప. అది విడిగా ఉంది, సూదీ దారంతో సహా. నా చీటీ కిందే ఒక్క ముక్క రాసి ఉంది: "అన్నయ్యా, ఇది ఇద్దరం కుడదాం. శనివారం బస్సుకి వస్తున్నా."

తాత ఆ చీటీని ఎన్నిసార్లు మడిచి విప్పాడో! బుధవారం పీట తుడిచాడు. గురువారం మళ్ళీ తుడిచాడు. శనివారం పొద్దున్నే గుమ్మంలో నిలబడ్డాడు. బస్సు అరగంట ఆలస్యం.

"ఒరేయ్ సాతానుగా! ఇంకెవరి జోలికైనా వెళ్ళు, ఆ బస్సు జోలికి మాత్రం వెళ్ళకు!"

ఇదే అదననుకుని గొంతు సవరించుకున్నాను. "తాతా, ఆ పార్సెలు పంపింది నేను కాదు. సాతాను నా చేతులు అద్దెకి..."

తాత వీధి మలుపు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు:

"నోర్ముయ్. అది చేసింది నువ్వే."