ఆమె చదవని అయిదో చాప్టరు

పదమూడేళ్ల పిల్ల చేతికి చిట్టి పాటల పుస్తకం ఇచ్చాను. ఆ అమ్మాయి దాన్ని బల్ల మీద నుంచి కిందికి తోసేసింది.

"నేనేమన్నా అంగన్‌వాడీ పిల్లనా టీచర్?" అంది.

నేను కనిగిరి వైపు బళ్లలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్ని. ఆ హైస్కూల్లో మాకు ఇచ్చింది ఒకప్పటి స్టోరు గది. ఆ అమ్మాయి ఏడో తరగతి. బుద్ధి నెమ్మది, మాట తడబాటు. అయినా చదవడం పట్టుబడింది. అక్షరాల కింద వేలు జరుపుకుంటూ, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివేది. తండ్రి లేడు. వాళ్లమ్మ ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టేది.

ఆమెకు తగిన పుస్తకం ఎక్కడా లేదు. అక్షరాలు పెద్దవైతే కథ పసిపిల్లలది. కథ ఆమె వయసుకు తగినదైతే అక్షరాలు నలకల్లా ఉండేవి. హెడ్మాస్టరును అడిగాను.

"వాళ్లకు కథల పుస్తకాలెందుకు మేడం? రంగులేయించండి. అన్నం తిని పోతారు," అన్నాడు.

విజయవాడలో పుస్తకాల షాపులో పనిచేసే నా స్నేహితురాలు ఒక అట్టపెట్టె బస్సు పార్శిల్లో పంపింది. పెద్ద అక్షరాలు, చిన్న చిన్న చాప్టర్లు. తప్పిపోయిన గేదెను వెతుక్కుంటూ కొండ దాటిపోయే ఒక పిల్ల కథను ఆ అమ్మాయి పట్టుకుంది. చాప్టరు చివరికి రాగానే పుస్తకం మూసి, "ఈ పొద్దుకు అయిపోయింది," అనేది. అంతవరకు బళ్లో ఆమె ఏదీ పూర్తి చేసింది లేదు. అన్నీ మధ్యలో ఎవరో లాక్కున్నవే.

తెలుగులో చదివింది ఇంటికి పోయి వాళ్లమ్మకు ఉర్దూలో చెప్పేదట. ఒకరోజు ఆ తల్లి నన్ను బజార్లో ఆపింది. "ఏంది మేడం, ఆ బర్రె దొరికిందా లేదా? ఇది నన్ను నిద్రపోనియ్యట్లేదు," అని నవ్వింది.

నాలుగు చాప్టర్లయ్యాక, జిల్లా నుంచి అధికారి వస్తున్నాడని కబురొచ్చింది.

ఆ ఉదయం నా గదిలో నా పిల్లలు లేరు. కుర్చీల్లో తొమ్మిదో తరగతిలో బాగా చదివే పిల్లలు కూర్చున్నారు. ఒకడిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. వాడు నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరుగుతున్నాడు. అందరి చేతుల్లో నా పెట్టెలోని పుస్తకాలు.

"నా పిల్లలేరి సార్?"

"వంటషెడ్డులో ఉన్నారులే. పెద్దసారు ముందర చొంగ కారుస్తూ కూచుంటే మీకూ నాకూ మాట. ఈ ఒక్క పూట గమ్మునుండండి మేడం," అన్నాడు హెడ్మాస్టరు.

అప్పటికే జీపు లోపలికి వచ్చేసింది.

బట్టల కొట్టు యజమాని కూతురు లేచి, గేదె పుస్తకం తెరిచి, అయిదో చాప్టరు గడగడా చదివింది. అధికారి మురిసిపోయాడు. "చూశారా! శ్రద్ధ పెడితే ఇలాంటి పిల్లలు కూడా ఎంత బాగా చదువుతారో!" అన్నాడు.

కిటికీ దగ్గర అలికిడైంది. ఆ అమ్మాయి వంటామె కళ్లుగప్పి వచ్చి, ఊచలు పట్టుకుని నిలబడింది.

"అది నా పుస్తకం. నేనింకా ఆడిదాకా రాలే. చదవొద్దు," అంది. తడబాటులో సగం మాటలే బయటికి వచ్చాయి. చదివే పిల్ల ఆగి కిసుక్కుమంది. గదంతా నవ్వింది.

"ఎవరా అమ్మాయి?" అన్నాడు అధికారి.

"బయటి పిల్ల సార్. పిచ్చిది. అన్నం కోసం వస్తుంటాది," అన్నాడు హెడ్మాస్టరు.

నేను ముందుకు వచ్చాను. "కాదు సార్. ఈ గది ఆమెది. ఈ పుస్తకాలు ఆమెవి. ఇక్కడ కూర్చున్నవాళ్లెవరూ నా పిల్లలు కారు."

అధికారికి అర్థమైంది, ముఖంలో తెలిసింది. హెడ్మాస్టరు వైపు చూశాడు, తర్వాత వాచీ చూసుకున్నాడు. "ఇలాంటివి మీలో మీరు చూసుకోండి," అన్నాడు. చక్కగా చదివినందుకు ఆ పుస్తకాలను అక్కడున్న పిల్లలకే బహుమతిగా పంచి, ఫొటో దిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం బట్టల కొట్టుకు వెళ్లి పుస్తకం అడిగాను. "పెద్దసారు ఇచ్చిన ప్రైజు. వెనక్కి అడగడానికి మొహమాటం లేదా మేడం?" అన్నాడు ఆ తండ్రి.

మర్నాడు నా దగ్గర చదివే అమ్మాయి ఆ కొట్టు యజమాని కూతురి దగ్గరికే వెళ్లి, బర్రె ఏమైందని అడిగిందట. "చచ్చిపోయింది. వెతకబోయిన పిల్ల కూడా చచ్చిపోయింది," అందట ఆ పిల్ల. ఈ అమ్మాయి ఏడుస్తూ గదికొచ్చింది.

"అబద్ధమమ్మా. గేదె దొరుకుతుంది. ఇద్దరూ ఇంటికొస్తారు," అన్నాను.

"మీకెట్ల తెలుసు టీచర్?"

"నేను చదివాను కదా."

"పుస్తకం ఆయక్క కాడుంది. ఆయక్క చచ్చిపోయిందనింది," అంది. ఎంత చెప్పినా నమ్మలేదు.

స్నేహితురాలికి ఫోన్ చేస్తే, ఆ పుస్తకం ఇప్పుడు అచ్చులో లేదంది. నెల తిరక్కుండానే, పైవాళ్లకు ఎదురు మాట్లాడానని నన్ను హనుమంతునిపాడు వైపు మార్చారు. వెళ్లేముందు ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. తను మిషను పక్కన నేల మీద కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతోంది. తల ఎత్తలేదు.

"ఇంక బడికి పంపను మేడం," అంది వాళ్లమ్మ. "ముందు ఎవురేమన్నా దీనికి పట్టేది కాదు. మీరు పుస్తకమిచ్చినాక పట్టించుకుంటాంది. రాత్రి అన్నం కూడా తిన్లేదు."

కాసేపు గుమ్మంలో నిలబడ్డాను. ఎవరూ కూర్చోమనలేదు.