నెల రోజుల బస్సు

మొన్న గురువారం మోకాళ్ల డాక్టరుకు చూపించుకుని ఇంటికి వస్తూ నాంపల్లి మెట్రో స్టేషన్‌లో నిలబడ్డాను. పైన పలక మీద తర్వాతి రైలు నాలుగు నిమిషాల్లో వస్తుందని కనిపించగానే నా పక్కనున్న పెద్దమనిషి, ఇంచుమించు నా వయసువాడే, నాలుగు నిమిషాలు నిలబడాల్నా, ఏం రైళ్లు నడుపుతున్నరు వీళ్లు అని విసుక్కున్నాడు. నాకు మొదట నవ్వొచ్చింది, ఆ తర్వాత ఎందుకో మనసంతా పాడైపోయింది, రైలు వచ్చినా ఎక్కకుండా అక్కడే బెంచీ మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

నా ఉద్యోగమంతా ఈ నాంపల్లి, అబిడ్స్ మధ్యనే గడిచింది. అబిడ్స్‌లో ఒక గల్లీలో, కింద చెప్పుల దుకాణం, పైన మా ఆఫీసు. పల్లెలకు కొత్త బస్సులు వేయాలా వద్దా అన్నది తేల్చే ఆఫీసు అది. తేల్చేది మా పైవాళ్లు, నేను మామూలు గుమాస్తాను, వాళ్లు చెప్పింది నోటుగా రాసి ఫైలు కట్టడమే నా పని. ఊళ్లవాళ్లు అఫ్జల్‌గంజ్‌లో దిగి, తెచ్చిన చింతపండో మిరపకాయలో ఉస్మాన్‌గంజ్ మార్కెట్లో అమ్ముకుని, ఆ ఎండలో నడుచుకుంటూ మా మెట్లెక్కేవారు. రుమాలులో మడిచి తెచ్చిన అర్జీ కాగితం విప్పితే సగానికి సగం వేలిముద్రలే ఉండేవి. నేను కాగితం తీసుకుని చూద్దాం అనేవాణ్ని. ఆ మాట అంత సులువుగా ఎట్లా అనేవాణ్నో ఇప్పుడు తలచుకుంటే నామీద నాకే మంట పుడుతుంది.

అట్లాంటి అర్జీల్లో ఒకటి మా అక్క అత్తగారి ఊరిది. ఆ ఊళ్లో బడి అయిదో తరగతి దాకానే. పై చదువుకు వాగు దాటి, ఎవరూ తిరగని బీడు వెంట రెండు గంటలు నడిస్తే తప్ప హైస్కూలు రాదు. మగపిల్లలు నడిచేవారు. మా అక్క కూతురు, అంటే నా మేనకోడలు, లెక్కల్లో మంచి చురుకైన పిల్ల. సెలవులకు మా ఇంటికొస్తే నా ఆఫీసు కాగితాల వెనకవైపు కూడికలు, తీసివేతలు చేసుకుంటూ కూర్చునేది. బస్సు వస్తేనే హైస్కూలు, లేకుంటే లేదని మా బావ తెగేసి చెప్పాడు. ఒంటరిగా ఆడపిల్లను ఆ బీట్లో పంపడానికి ఆయనకు భయం, ఆ భయాన్ని నేను మాత్రం ఎట్లా తప్పు పట్టను?

ఆ ఫైలు ఎన్ని బల్లలు తిరిగిందో, నేను ఎందరి ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డానో చెబితే మీకు విసుగొస్తుంది. చివరికి ఒక నెల నడిపి చూద్దామన్నారు. నెలలో ఎంతమంది ఎక్కారో కండక్టరు రాసిన లెక్కను బట్టి బస్సు ఉంచడమా తీసేయడమా అన్నది అప్పుడు చెబుతామన్నారు. మొదటిరోజు బస్సుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, మా మేనకోడల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టారని మా అక్క ఉత్తరం రాయించింది. ఆ ఉత్తరాన్ని నేను ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను, ఛాయ్ కూడా తాగించాను.

నెలలో మూడు వారాలు గడిచాక మా బావ ఉస్మాన్‌గంజ్‌కు చింతపండు తెచ్చి, పనిలో పనిగా నన్ను చూడవచ్చాడు. బస్సెట్లుంది బావా అని అడిగితే మీసం సవరించుకుంటూ, "ఫికర్ జెయ్యకు బామ్మర్దీ, బస్సును పాణం లెక్క చూస్కుంటున్నం. పెద్దమనుషులందరు కూసోని మాట్లాడుకున్నం. బడిపిల్లలు, ముసలోళ్లు, నెలలు నిండి నీళ్లాడేటోళ్లు తప్ప ఎవ్వరు ఎక్కొద్దన్నం. మేమంత నడిసే పోతున్నం" అన్నాడు. ఎందుకని అడిగాను. ఆయన నన్ను వెర్రివాణ్ని చూసినట్టు చూశాడు. "కొత్త ఎద్దును కొంటే మొదటి నెలల బరువు గడ్తమా? మట్టి బాట, గా వాగు. గిప్పుడే ఇరిగితే మళ్ల ఇస్తరా?"

ఎక్కినవాళ్లను లెక్కపెడుతున్నారన్న ముక్క ఊళ్లో ఎవరికీ తెలియదు. అది అందరికీ తెలిసిందే అనుకుని నేనూ చెప్పలేదు. లెక్క సంగతి చెప్పి, వెంటనే వెళ్లి అందరినీ ఎక్కించమని బావను అప్పటికప్పుడు తిరుగుబస్సు ఎక్కించాను. ఆయన చెప్పినట్టే చేశాడు. చివరి వారం ఊరు ఊరంతా ఎక్కింది, పని ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, పైన టాపు మీద కూడా.

లెక్క ఆఫీసుకొచ్చింది. మూడు వారాలు ఖాళీ, చివరి వారం కిక్కిరిసి. మా సూపరింటెండెంటు కళ్లద్దాలు పైకి నెట్టి, "ఇది దొంగలెక్క. ఆఫీసుల నుంచే ఎవరో చెప్పి ఎక్కించిన్రు. ఆ మనిషి ఎవరో తెలిస్తే ఊకోను" అన్నాడు. నేను నోరు విప్పి ఎద్దు సంగతి చెప్పి ఉండాల్సింది. ఆయన నమ్మేవాడో కాదో తెలియదు గానీ, అప్పటికి నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఇంట్లో నా జీతం తప్ప ఇంకో ఆధారం లేదు. నోటు రాయమన్నాడు. ప్రజల ఆదరణ లేనందున బస్సు ఉపసంహరించుకోవచ్చునని నా చేత్తోనే రాశాను. అక్షరాలు గుండ్రంగా, పొందికగా వచ్చాయి, నా దస్తూరీ ఎప్పుడూ అంతే.

ఆ పిల్ల బడి మానేసింది. కొన్నాళ్లకు పెళ్లి చేశారు, ఆ ఊళ్లోనే. ఇప్పుడు దానికి మనవరాలుంది.

ఇన్నేళ్లలో ఎంత మారిందో మీరూ చూస్తూనే ఉన్నారు. మా ఆఫీసున్న గల్లీలో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణాలు. నాంపల్లిలో మన నెత్తి మీది నుంచే రైళ్లు పోతున్నాయి, ఆడవాళ్లకు బస్సుల్లో టికెట్టే లేదు. మా అక్క ఊరికి తారురోడ్డు పడింది, వాగు మీద వంతెన కట్టారు, బస్సు మాత్రం రాదు. షేర్ ఆటో నిండితే కదులుతుంది, నిండకపోతే లేదు. రిటైరయ్యాక నేనూ రెండు అర్జీలు రాసి తీసుకెళ్లాను. కౌంటర్లో కూర్చున్న అబ్బాయి మర్యాదగానే కాగితం తీసుకుని, చూద్దాం సార్ అన్నాడు.

పోయిన నెల మా ఇంట్లో శుభకార్యానికి మేనకోడలు వచ్చింది. వియ్యాలవారి తరఫు ఆవిడెవరో ఎంతవరకు చదువుకున్నావమ్మా అని అడిగితే, అది ఏమాత్రం సంకోచం లేకుండా, "ఆరో తరగతిల ఒక్క నెల పోయిన. మా మామనే తెప్పిచ్చిండు బస్సు. ఊరోళ్లకే దాన్ని నిలుపుకునుడు శాతగాలె, ఆయన మాత్రం ఏం జేస్తడు" అని నావైపు చేయి చూపించింది. అందరూ నావైపు గౌరవంగా చూశారు. నిజం చెబుదామని లేచాను. అప్పుడే అది నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది, తాగి మళ్లీ కూర్చున్నాను.